పై కడ్డీకి తగిలించిన ట్రాలీ

నా చిన్నప్పుడు మా పెద్దనాయన వాళ్లకు ట్రాక్టర్ ఉండేది, మాకు లేదు. వేములపల్లి దగ్గర మా ఊళ్లో రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే అడ్డం. పెద్దనాయన కూతురు, నాకంటే కాస్త పెద్దది, నేను అక్కా అని పిలిచేదాన్ని. సాయంత్రం అది ట్రాక్టర్ మడ్‌గార్డు మీద మహారాణిలా కూర్చుని పొలం నుంచి వస్తుంటే గుమ్మంలో నిలబడి చూసే నాకు కడుపు భగ్గున మండేది. దాని జడలు ఒత్తుగా ఉన్నాయని కుళ్ళు, దాని గౌను కొత్తదని కుళ్ళు. నేను కొంచెం ఓర్వలేని మనిషిని, ఇందులో దాచేదేమీ లేదు.

కుళ్ళుకునేవాళ్లు చూసినంతగా ఇంకెవరూ చూడరు. ఆ ట్రాక్టర్ని దాని యజమాని కంటే నేనే ఎక్కువ చూశాను. దాని వెనక దేన్నైనా తగిలించడానికి రెండు చోట్లు ఉండేవి. నాగళ్లకు పైన రంధ్రాలున్న అడ్డకడ్డీ, ట్రాలీకి బాగా కింద దిట్టమైన కొక్కెం. ట్రాలీ మూతిని ఆ కొక్కెంలో పెట్టి లావుపాటి పిన్ను దించి, అది ఎగిరి రాకుండా కింద చీల పెట్టేవాడు పెద్దనాయన. అవన్నీ నాకు కంఠతా వచ్చు. నేర్చుకుందామని కాదు, అక్క కూర్చునే బండి కాబట్టి.

ఆ ఏడు కోతలైనాక పెద్దనాయన వడ్ల బస్తాలు మిర్యాలగూడ మిల్లుకు వేస్తున్నాడు. కోదాడ నుంచి వచ్చిన మా మేనత్త తిరుగు ప్రయాణంలో ఉంది. మిర్యాలగూడ దాకా ట్రాలీలో వెళ్లి అక్కడ బస్సెక్కుతానంది. ఆమెకు తోడుగా అక్క బయలుదేరింది. గాజులు కూడా కొనుక్కుంటుందట. నన్ను ఒక్కరూ రమ్మనలేదు. నేను ట్రాలీ చుట్టూ తిరుగుతూ ఏడుపు దిగమింగుకుంటున్నాను.

అప్పుడు చూశాను. ట్రాలీ మూతి కింద కొక్కెంలో లేదు. ముందు రోజు దుక్కిలో పిన్ను ఎక్కడో పడిపోయింది. మిల్లు దగ్గర బండ్ల వరస పెరిగిపోతుందన్న తొందరలో పెద్దనాయన పైన నాగళ్ల కడ్డీకే ఒక బోల్టుతో తగిలించేశాడు.

"పెద్దనాయనా, గది నాగళ్లకు పెట్టేది. ట్రాలీని గాడ పెట్టొద్దు కదా" అన్నాను.

"నిన్ను తోల్కపోతలేనని కుళ్ళుతోటి అంటున్నవ్. జర పక్కకు జరుగు" అన్నాడాయన. బస్తాలు మోసేవాళ్లు పకపకా నవ్వారు. ఆయన అన్నదీ అబద్ధం కాదు. ఆ ప్రయాణం ఆగిపోతే బాగుండునని నాకు నిజంగానే ఉంది. అందుకే తల వంచుకున్నాను.

బస్తాల మీదికి ఎక్కబోతున్న మేనత్త మాత్రం ఆగింది. ఆమెకు ట్రాక్టర్ల సంగతి ఏమీ తెలియదు. నా గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. "కుళ్ళు సంగతి నాకూ కనపడుతూనే ఉందిలే. నువ్వేం చూశావో అది చెప్పు."

"ఎప్పుడు కిందనే పెడ్తడు అత్తా. ఇయ్యాల మీదికి పెట్టిండు."

పదిమంది ముందు తమ్ముణ్ణి తప్పు పట్టడం ఆమెకు ఇష్టం లేనట్టుంది. తల పట్టుకుని, "ఒరే, బస్తాల మీద కూర్చుంటే నాకు కళ్ళు తిరుగుతాయి. కాలువ గట్టు ఎక్కేదాకా నేనూ పిల్లా నడిచొస్తాం, నువ్వు పోనివ్వు" అంది. అక్క మొండికేసినా జబ్బ పట్టి కిందికి దించేసింది.

సాగర్ కాలువ గట్టు మా ఊరి చివరే. నేనూ వెనకాలే వెళ్లాను. ట్రాక్టర్ ఏటవాలు ఎక్కుతుండగా బరువంతా పై కడ్డీని వెనక్కి గుంజింది. ముందు చక్రాలు నేల వదిలి గాల్లోకి లేచాయి. పెద్దనాయన గాభరాగా క్లచ్ తొక్కితే అవి ధబ్బున కిందపడ్డాయి, ఆ కుదుపుకు బోల్టు తెగింది. ట్రాలీ ఒక్కటే వెనక్కి దొర్లి, పక్కనున్న పంట బోదెలోకి ఒరిగింది. బస్తాలన్నీ ఒకదాని మీద ఒకటి కూలాయి. అంతకుముందు అక్క ఎక్కి కూర్చున్న చోటు వాటి అడుగున పడింది.

మేనత్త అక్కను రెండు చేతులా పొదివి పట్టుకుని నిలబడిపోయింది. పెద్దనాయన ట్రాక్టర్ దిగి వచ్చి, కూతురి తల నిమిరాడు. తర్వాత నా వైపు ఒకసారి చూసి, పిన్ను కోసం ఊళ్లోకి నడిచాడు.

ఊళ్లో ఇంకొకరి దగ్గర పిన్ను తెచ్చి, ట్రాలీని కింద కొక్కేనికే తగిలించి, బస్తాలు మళ్లీ ఎత్తేసరికి మధ్యాహ్నం దాటింది. ఇప్పుడైనా నన్ను తీసుకెళ్తారని ఆశపడ్డాను. ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు. అక్కే వెళ్లింది. ట్రాలీ ఎక్కబోతూ మేనత్త నా చెవి దగ్గర వంగి, "నీ ఏడుపు నీది, మానమని నేననను. చూసింది చెప్పడం మాత్రం మానకు" అంది. అక్క నాకూ గాజులు తెచ్చింది. అవి దాని గాజులంత మెరవలేదని వారం రోజులు దాంతో మాట్లాడలేదు.

ఇప్పుడు అక్క సూర్యాపేటలో మేడ మీద ఉంటుంది, నేను మిర్యాలగూడలో రెండు గదుల ఇంట్లో. వెళ్లినప్పుడల్లా దాని పరదాలూ, కోడలు చేసే మర్యాదలూ చూసి నాకు కడుపులో అదే మంట. మొన్న వెళ్లినప్పుడు కూడా దాన్నే చూస్తూ కూర్చున్నాను. మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఇంట్లో ఎవరూ గమనించినట్టు లేదు.

"అక్కా, ఆయాసపడుతున్నవ్. దవాఖానకు పోదాం, లే" అన్నాను.

"నీ కన్ను ఇంకా నా మీదనే ఉన్నదానే?" అని నవ్వింది.

"నీ మీద కాక ఇంకెవరి మీద ఉంటది? లే."

లేచింది. దవాఖానకు పోవడానికి కూడా జరీ అంచు చీర కట్టింది మహాతల్లి. ఆటోలో దాని పక్కన కూర్చుని, అలాంటి చీర నాకు ఒక్కటైనా లేదే అని ఉడుక్కుంటూ, దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.