మామయ్య తూచిన బలం

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, కార్ల బలం తూచేవాడు. ఆయన షెడ్డులో నేలకు సమంగా రెండు ఇనప రోలర్లు ఉండేవి. కారు వెనక చక్రాలను వాటి మీదికి ఎక్కించి, బెల్టులతో బిగించి, ఉన్నచోటే పరిగెత్తించేవాడు. ఎన్ని హార్స్‌పవరో తెర మీద గీతలా పడేది. బడి మానేశాక నేను అక్కడే ఫ్యాన్లు పెట్టడం, బెల్టులు చుట్టడం చేసేదాన్ని.

మామయ్య మాత్రం సైకిలు తప్ప ఏమీ నడపలేదు. "నాకు వేగం పడదమ్మా, లెక్కే పడుతుంది" అనేవాడు. గీత ఎంత ఎత్తుకు వెళ్ళిందని అందరూ అడిగితే, ఆయన దాని నడుమ వేలు పెట్టి చూపించేవాడు. "రోజూ నడిపేది ఇక్కడ. కొండ కొన మీద ఎవరూ కాపురం చెయ్యరు."

మా నాన్న మెకానిక్కు. ఒక పాత కారు కొని, ఏడాదిపాటు ఇంజను విప్పి బిగించాడు. ఆ పనికి ముందు మామయ్య తూచితే నూట డెబ్బై ఒకటి వచ్చింది. తర్వాత తూచితే రెండు వందల నాలుగు.

"ఏం బావమరిదీ, నోరు పెగలడం లేదా?"

"నువ్వు అరవడం ఆపితే పెగులుతుంది బావా."

సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. నాన్న అంతగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు ఆ కారును రోలర్ల మీంచి దించబోతూ మామయ్య ఆగిపోయాడు. గాలి వేడిని కొలిచే తీగ ఫ్యాను ముందు ఉండాలి. అది జారి రేడియేటరు వెనక వేలాడుతోంది. వేడి గాలికి ఇంజను నీరసిస్తుందని, యంత్రం ఆ లోటుకు కొంత కలిపి చూపిస్తుంది. తీగకు తగిలింది రేడియేటరు సెగ. లేని లోటుకు యంత్రం బలం కలిపింది. ఆ తీగ కట్టింది మామయ్యే.

పక్క షెడ్డు వెల్డరు వచ్చి చూశాడు. "పోనీలే, మళ్ళీ తూచేదెవరు? అక్క మొగుడితో తగవు కొనితెచ్చుకుంటావా?"

మామయ్య నా వైపు తిరిగాడు. "ఇంకొకరి కారైతే చెప్పేవాణ్ణా, కాదా?"

"చెప్పేవాడివే" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా.

నాన్నకు కబురు పంపాడు.

"తీగ జారింది బావా. నిన్న చెప్పింది తప్పు. తప్పు నాదే."

నాన్న ముఖం చిన్నబోయింది. "నలుగురికీ చెప్పుకున్నాక ఇప్పుడా?"

"నిన్న తెలిస్తే నిన్నే చెప్పేవాణ్ణి."

తీగ సరిచేసి మళ్ళీ పరిగెత్తించాం. నూట ఎనభై తొమ్మిది.

"పెరిగింది బావా. ఆ పెరిగిందంతా నీ చేతి పనే."

నాన్న బెల్టులు తనే విప్పుకున్నాడు. కారు దింపుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మామయ్య మా గడప తొక్కలేదు. నాన్న షెడ్డు వైపు రాలేదు. ఇద్దరి మధ్యా అమ్మ నలిగిపోయింది. ఇంట్లో మామయ్య మాటెత్తితే నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. షెడ్డులో మామయ్య నన్ను "అక్క బాగుందా" అని అడిగి, జవాబు వినకముందే తల దించుకునేవాడు.

ఒకరోజు మా ఇంటి ముందు ఎవరో ఒకతను ఆగి కారు చూశాడు.

"ఇది రెండు వందలు దాటిందటగా?"

బానెట్ తుడుస్తున్న నాన్న చెయ్యి ఆగింది.

"లేదు. నూట ఎనభై తొమ్మిది."

"అదేంటి? ఎవరు చెప్పారు?"

"మా బావమరిది. వాడు అబద్ధం తూచడు."

ఆ మనిషి వెళ్ళాక నాన్న బానెట్ తుడవడం పూర్తిచేశాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి, అమ్మ ముఖం చూడకుండానే, "మీ తమ్ముణ్ణి భోజనానికి రమ్మను" అన్నాడు.