ట్యాంకరు చుట్టూ ప్రదక్షిణ

నాకు కోపం ఎక్కువ. జమ్మలమడుగులో ఏళ్ళ తరబడి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నా కళ్ళ ముందు ఎవరైనా నిదానంగా పని చేస్తే ఒళ్ళు మండిపోతుంది. రిటైరయ్యాక పులివెందుల పక్కన మా చీనీ తోట, అదే బత్తాయి తోట, చూసుకుంటూ ఉంటే, అలాంటి నాకు, ట్రాక్టరుకు ట్యాంకరు తగిలించడానికి అరగంట తీసుకునే మనిషి దొరికాడు.

అతన్ని అందరమూ భాయ్ అనే పిలిచేవాళ్ళం. చాలా ఏళ్ళు కువైట్‌లో పెద్ద పెద్ద ట్రైలర్లు తోలి వచ్చాడు. ఆ ఎండాకాలం మా బోరు ఎండిపోయింది. చెట్ల నిండా నిమ్మకాయంత పిందెలు. వాటిని నిలబెట్టుకోవాలంటే మిట్టకు అవతల ఉన్న ఊరి నుంచి రోజూ నీళ్ళు తోలాల్సిందే. ట్రాక్టరు మాకు ఉంది. ప్రొద్దుటూరులో ఒక పాత ట్యాంకరు కొన్నాను. తోలడానికి భాయ్ ఒప్పుకున్నాడు. సాయంత్రమైతే ట్రాక్టరు దుక్కికి పోయేది కాబట్టి, ప్రతి పొద్దునా ట్యాంకరు మళ్ళీ తగిలించాలి.

ముందు ట్యాంకరు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టేవాడు. తర్వాత ట్రాక్టరు మెల్లగా వెనక్కి తెచ్చేవాడు. ఇక్కడ మాత్రం నేను నోరు మూసుకుని చూసేదాన్ని. స్టీరింగు రెండోసారి తిప్పే పనే ఉండదు, ట్రాక్టరు రంధ్రమూ ట్యాంకరు రంధ్రమూ సరిగ్గా ఒకదాని మీద ఒకటి వచ్చి నిలిచేవి. ఇంజను ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, అప్పుడు దిగేవాడు. ఆ రెండు రంధ్రాల్లోకి ఇనుప పిన్ను దించి, అది ఎగిరి రాకుండా క్లిప్పు పెట్టి, పక్కన గొలుసు కూడా తగిలించేవాడు. సాయం చేద్దామని దగ్గరికి పోతే ఊరుకునేవాడు కాదు.

"ఆ సందులోకి రావద్దు టీచరమ్మా. ఆడ ఒక మనిషికే చోటు."

అంతటితో అయిపోతే బాగుండు. మళ్ళీ ట్రాక్టరెక్కి, రాళ్ళు తీయకుండానే కాస్త ముందుకు లాగి, పిన్ను గట్టిగా కూర్చుందో లేదో చూసేవాడు. మళ్ళీ దిగి, టైర్లు తడుతూ, వాల్వు చూస్తూ ట్యాంకరు చుట్టూ తిరిగి వచ్చేవాడు. తోటలో కూలికి వచ్చే ఆడవాళ్ళకు అది రోజూ వేడుకే.

"భాయ్ ప్రదక్షిణ మొదలుపెట్టినాడు సూడండే! మూడు సుట్లు తిరగప్పా, పుణ్యమొస్తాది."

"ఒక సుట్టుకే మోకాళ్ళు నొస్తాండాయి, మూడంటే నన్ను మీరే మోయాల," అని అతనూ నవ్వేవాడు. నేను గడియారం చూసుకునేదాన్ని.

నీళ్ళు నింపుకుని ట్యాంకరు మిట్ట ఎక్కుతుంటే, నేను స్కూటీ మీద దాని వెనకే, ఇంచుమించు ఆనుకుని వచ్చేదాన్ని. పాత వాల్వు కదా, కారిపోతోందేమో చూసుకోవాలి.

ఒక ఆదివారం చర్చి కూడా మానుకుని తోటకు వెళ్ళాను. రోడ్డు వైపు ఉన్న చివరి వరసకు అప్పటికి నాలుగు రోజులుగా నీళ్ళు అందలేదు. ఆకులు ముడుచుకున్నాయి. ఆ రోజు దాని వంతు. భాయ్ పిన్ను చేతిలోకి తీసుకుని, ఎండలో పట్టి తిప్పి తిప్పి చూసి, కింద పెట్టేశాడు.

"ఈపొద్దు బండి కదలదు టీచరమ్మా. పిన్ను అరిగిపోయింది. నడుము కాడ సూడు, ఎంత సన్నబడిందో."

"నిన్న లాగింది కదా! రాత్రికి రాత్రే అరిగిపోయిందా?"

"నిన్న నేను సరిగ్గా సూడలే. అది నా తప్పే."

షెడ్డులో ఒక ఇనుప కడ్డీ ఉంటే తెచ్చి అతని ముందు పడేశాను. అది మెత్తటి ఇనుము, మిట్ట కాడ వంగిపోతుంది అన్నాడు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. పదిమంది కూలీల ముందే అరిచాను.

"నీకు భయమైతే చెప్పు, ఇంకొకర్ని పిలుచుకుంటా. పోతే ట్యాంకరు పోతాది, అది నాది. ఎండేది నా చెట్లు. నీదేం పోతాది?"

అతను గొంతు పెంచలేదు. "మిట్ట మీద అది తెగి ఎనక్కి వచ్చిందనుకో, ఎనకాల ఉండేది ఎవరమ్మా?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. జవాబు నేనే. నిండు ట్యాంకరు వెనక, చెయ్యి చాపితే తగిలేంత దూరంలో, ఇన్ని రోజులుగా నేనే. లెక్కల టీచర్ని, ఈ చిన్న లెక్క నాకు ఒక్కసారీ తట్టలేదు. అతను రోజూ నా కోసమే ఆ చుట్టు తిరుగుతుంటే నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆదివారం కాబట్టి పులివెందులలో అంగళ్ళు మూసి ఉన్నాయి. భాయ్ లేతు మిషను నడిపే అతని ఇంటికే పోయి, బతిమాలి షాపు తెరిపించి, గట్టి పిన్ను చేయించుకుని మధ్యాహ్నం దాటాక వచ్చాడు. అన్నం కూడా తినలేదు. అంత ఆలస్యంలోనూ ఒక్క పని వదల్లేదు. రాళ్ళు పెట్టాడు, లాగి చూశాడు, చుట్టూ తిరిగాడు. కూలీలెవరూ ఎగతాళి చేయలేదు.

"నేను యాడ ఉండాల భాయ్?" అని అడిగాను.

"ముందర పోమ్మా. నాకు కనపడేట్టు పో."

నీళ్ళు నింపుకుని తిరిగి వచ్చేటప్పుడు నేను ముందుగా తోట చేరుకున్నాను. చివరి వరస కింద నేలంతా పచ్చగా ఉంది. పిందెలు సగానికి పైగా రాలిపోయాయి. ట్యాంకరు వచ్చి ఆగింది. భాయ్ దిగి, ఆ చెట్ల కింద వంగి నాలుగు పిందెలు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. అతని ముఖం వాడిపోయింది.

"నిన్ననే సూసుకునుంటే ఇవి నిలిచేవమ్మా. నీ మాటే నిజం. ఎండింది నీ చెట్లే."

నాకు ఏడుపు ఆగలేదు. అతని చేతిలోని పిందెలు తీసి నా కొంగులో వేసుకున్నాను.

"రాలింది పిందెలే కద భాయ్," అన్నాను.