నాకు వినిపించని మోటారు

ఏసీలో బ్లోయర్ మోటారు బాగుందో లేదో చెప్పడానికి నేను పొడవాటి స్క్రూడ్రైవర్ ఒకటి వాడేవాణ్ణి. ఏసీ నడుస్తుండగా స్క్రూడ్రైవర్ మొన మోటారు మీద ఆనించి, పిడిని కుడిచెవికి ఒత్తిపట్టుకునేవాణ్ణి. బేరింగ్ ఎండిపోతే సన్నగా ఈల, అరిగిపోతే గరగర. పని నేర్పినాయన నాకు అలాగే చూపించాడు. నేను కుర్చీ ఎక్కి కళ్లు మూసుకుని వింటుంటే కింద ఇంటివాళ్లు డాక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడేవాళ్లు. అది నాకు చాలా ఇష్టంగా ఉండేది.

లాలాగూడలో మాది రెండు గదుల ఇల్లు. నా భార్య ఒక ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలే. పొద్దున వచ్చి, ఇంత వండి పెట్టి, పగలు పడుకుంటుంది. ఎండాకాలంలో ఆ గది పెనంలా కాలుతుందని, ఎవరో తీసేసిన పాత ఏసీ తెచ్చి నేనే బిగించాను. పోయిన ఎండాకాలం ఒకరోజు ఆమె నిద్రలోంచి లేచి వచ్చింది.

"ఏమయ్యా, అండ్లకెళ్లి సప్పుడొస్తుంది. సన్నగ, సూదితోని పొడిచినట్టు."

కుర్చీ వేసుకుని విన్నాను. ఏమీ లేదు.

"ఏం లేదు, పండుకో."

"గిప్పుడు సుత వస్తుంది."

"ఇన్నేండ్ల సంది మోటార్లే ఇంటున్న. నాకు చెప్తవా?"

కరెంటు ఆపి బ్లోయర్‌ను వేలితో ఒకసారి తిప్పి చూస్తే తేలిపోయేది. మంచి మోటారైతే చెయ్యి తీశాక కూడా కాసేపు తిరుగుతుంది. బేరింగ్ ఎండితే వెంటనే ఆగిపోతుంది. బయట ఎవరింట్లోనైనా అనుమానం వస్తే చేసే పనే అది. మా ఇంట్లో చెయ్యలేదు. చేస్తే ఆమె మాటకు విలువ ఇచ్చినట్టవుతుంది.

ఆమె మళ్లీ చెప్పింది. నేను మళ్లీ కుర్చీ ఎక్కి, మళ్లీ ఏం లేదన్నాను. బావమరిది ఇంటికొచ్చినప్పుడు ఆమె ముందే అన్నాను: "మా ఏసీ మీ అక్కకు పాటలు పాడుతది. మనకు ఇనరాదు, టికెట్ కొనాలె." అతను నవ్వాడు. ఆమె చాయ్ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

తర్వాత ఒకరోజు తన ఆసుపత్రిలోనే చెవులు చూపించుకుని వచ్చింది.

"నా చెవులు మంచిగనే ఉన్నయంట."

"మరింకేం, ఏసీ సుత మంచిగనే ఉంది," అన్నాను.

ఆమె నన్ను కాసేపు చూసింది. ఆ రోజు తర్వాత చప్పుడు మాట ఎత్తలేదు. చెవుల్లో దూది పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. అదీ పని చెయ్యక, చాప తీసుకుని వంటింట్లో టేబుల్ ఫ్యాన్ ముందుకు మారింది. ఆ మే నెలలో వంటింటి బండల మీద చెమటతో తడిసి పడుకున్న మనిషిని దాటుకుంటూ వెళ్లి నేను మంచినీళ్లు తాగేవాణ్ణి. గొడవ పెట్టడం మానేసింది కదా, అంతే చాలనుకున్నాను.

ఈ ఏడాది కాప్రాలో ఒక పెద్దావిడ ఇంట్లో సర్వీసింగ్ చేశాను. కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. రెండు రోజులకే ఫోన్ చేసి పిలిపించింది.

"బాబూ, మీరు వెళ్లినప్పట్నుంచీ ఈల వేస్తూనే ఉందండీ ఇది."

స్క్రూడ్రైవర్ పెట్టి విన్నాను. "ఏం లేదమ్మా. మీకట్ల అనిపిస్తుంది."

ఆవిడ నన్నూ, ఏసీనీ మార్చి మార్చి చూసింది. "ఆ చెవి కాదు, రెండోది పెట్టండి."

పెట్టాను. ఈల ఉంది. దూరంగా, గోడ అవతల ఉన్నట్టు, కానీ ఉంది. మళ్లీ కుడిచెవికి పెట్టాను. ఏమీ లేదు.

"మావారిదీ ఇదే వరస," అంది ఆవిడ. "రైల్వే వర్క్‌షాపులో చేసీ చేసీ చెవి పోయింది. పిలిస్తే పలకట్లేదని నేను ఎన్నేళ్లు పోట్లాడానో. దిగండి, కాఫీ తాగుదురు గాని."

ఏళ్ల తరబడి గోడలకు కన్నాలు వేస్తూ కుడిచెవి పక్కనే డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నవాణ్ణి నేను. కాఫీ తాగి, ఆవిడ ఏసీ బేరింగ్‌కు నూనె వేసి బయల్దేరాను.

ఇంటికొచ్చి మా ఏసీ విప్పాను. బ్లోయర్‌ను వేలితో తోస్తే ఒక చుట్టు కూడా పూర్తి కాలేదు. మోటారు మొత్తం మార్చాను. బిగించి ఆన్ చేసేసరికి ఆమె డ్యూటీకి తయారై బయటికొచ్చింది.

"నా చెవి ఖరాబైంది," అన్నాను. "నీది కాదు."

"నాకెర్కే."

"ఎప్పటి సంది?"

"చెవులు చూపించుకున్నప్పటి సంది. కుక్కర్ విజిల్ సుత నీకు ఇనొస్తలేదు."

"మరి చెప్పలే?"

"చెప్పిన గద. సప్పుడొస్తుందని చెప్పిన."

బ్యాగు భుజానికి తగిలించుకుంది. నేను ఏసీ కింద నిలబడి అడిగాను. "ఇప్పుడు వస్తుందా? జెర ఇను."

"లేదు."

"మంచిగ ఇను."

"లేదంటున్న గద. మంచిగనే ఉంది," అని చెప్పులు వేసుకుంది.

మర్నాడు పొద్దున వచ్చి, వండి, చాప తీసుకుని వంటింట్లోకే వెళ్లింది. గదిలో చల్లగా ఉందన్నాను. అలవాటైందంది. ఇప్పటికీ అక్కడే పడుకుంటోంది. అడిగినప్పుడల్లా అదే గొంతుతో లేదంటుంది. వేలితో తోస్తే బాగానే తిరుగుతోంది, కానీ నేనే వంకరగా బిగించి ఉంటే అది నడిచేటప్పుడు చప్పుడులోనే తెలుస్తుంది. ఎడమచెవికి ఏమీ వినిపించడం లేదు, కానీ ఆ చెవినీ ఇప్పుడు నమ్మలేను. నా పని సరిగ్గా ఉందో లేదో నాకు చెప్పగలిగిన మనిషి ఇంట్లో ఒక్కతే ఉంది. ఆమె ఇక చెప్పదు.

కస్టమర్లకు ఇంకా ఎవరికీ నేను చెప్పలేదు. నిన్న కూడా బోయిన్‌పల్లిలో ఒకరింట్లో కుర్చీ ఎక్కి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకున్నాను. కింద నిలబడ్డవాళ్లు అడిగారు, బాగుందా అని. బాగుందన్నాను.