అవిన్యోన్ వంతెన మీద నా ఫోటో

ఐర్లాండులోని కాజిల్‌బార్‌లో మా తెలుగు ప్రార్థన బృందం కుటుంబాలు ఎక్కడికి వెళ్లినా ఫోటో తీసేది నేనే. ఆసుపత్రిలో నర్సుగా పసిపిల్లల సన్నటి నరానికి కూడా సూది పెట్టే చెయ్యి నాది, వణకదని పేరు. మెచ్చుకుంటున్నట్టే ఫోన్ చేతిలో పెడతారు. దానివల్ల మోహర్ కొండల దగ్గర నేను లేను, గాల్వే రేవులో లేను, చివరికి మా అమ్మాయి చర్చిలో మొదటి కమ్యూనియన్ తీసుకున్న రోజు ఫోటోలోనూ లేను. ఎవరూ గమనించలేదు. నేను మరిచిపోలేదు.

పోయిన వేసవిలో అందరం ఫ్రాన్సులోని అవిన్యోన్ వెళ్లాం. ఒకప్పుడు మా క్యాథలిక్కుల మతపెద్దలైన పోపులు రోము వదిలి వచ్చి ఉన్న ఊరు. గుంటూరు ఆర్.సి.ఎం. చర్చిలో బాప్తిస్మం పొందినదాన్ని. వాళ్లు కట్టించుకున్న ఆ రాతి మహలు ముందు నిలబడితే గుండె పొంగింది. మహలంటారు గానీ గోడలు కోటవే. దాని ముందు కూడా అందరూ వరసగా నిలబడి ఫోన్ నాకిచ్చారు. తీశాను.

తర్వాత రోన్ నది మీది పాత వంతెన ఎక్కాం. వరదలకు చాలావరకు కొట్టుకుపోయి, నాలుగు కమానులు మిగిలి, నది మధ్యలో ఆగిపోతుంది. దాని మీదే చిన్న ప్రార్థనాలయం ఉంది. వంతెన తెగిన చోట, గాలి కొంగును లాగేస్తుండగా, మా బృందం పెద్దాయన ఫోన్ చాచారు.

"నువ్వు తియ్యమ్మా. నీ చెయ్యి వణకదు."

"ఈసారి మీరు తియ్యండి అంకుల్. నేను నిలబడతాను."

"నాకు చేతకాదమ్మా, వంకరగా వస్తది."

"వస్తే మళ్లీ తీద్దురుగాని."

ముందు ఫోటోలో ఆయన వేలు పడింది. తర్వాత నా తల తెగింది. బస్సు వెళ్లిపోతుందని వెనక గొణుగుడు. నేను కదల్లేదు. చివరికి కుదిరింది: వెనక ప్రార్థనాలయం, గట్టు మీద పోపుల మహలు, ముందు నేను.

దాన్ని పెద్దది చేయించి వంటింట్లో, కప్పులు పెట్టుకునే అలమర, ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారు, దాని పక్కన తగిలించాను. మొన్న ప్రార్థన మా ఇంట్లో జరిగింది. టీకి లోపలికొచ్చిన అంకుల్ భార్య దాన్ని చూసింది.

"అందరం ఉన్నది పెట్టొచ్చుగా అమ్మాయ్, ఒక్కదానివే ఉన్నది పెట్టావేంటి?"

"అందరూ ఉన్నదాంట్లో నేను లేను ఆంటీ."

ఆమె వెనకే వచ్చిన అంకుల్ కాసేపు గోడ వైపే చూసి, తను తీసినా బాగానే వచ్చిందే అన్నారు.

"నిలబడింది ఎవరు మరి" అని ఆయనకు కప్పు అందించాను.