డాబ్స్ మాస్టారి ఆరని చొక్కా

పెరిగ్రిన్ డాబ్స్ మాస్టారు ఏ ప్రకృతి దృశ్యం గీసినా అందులో ఆరేసిన బట్టలు ఉండి తీరాల్సిందే. కూలిన కోట గీయమంటే కోట గోడ మీద దుప్పటి. జలపాతం గీయమంటే పక్క బండ మీద రెండు మేజోళ్లు. సముద్రంలో తుఫాను గీయమన్న పాపానికి ఒక పాదిరిగారికి మునిగిపోతున్న ఓడ తాడు మీద పొత్తిగుడ్డలు దక్కాయి.

మాస్టారు అద్దెకుండేది చాకిరేవు మీద బతికే హానా థ్రెల్ ఇంట్లో. ఊరి వెనక మిట్ట మీద, ముళ్లపొదల పొడవునా, ఆడవాళ్లంతా బట్టలు ఆరేసుకునేవారు. హానా భర్త జాబ్ చనిపోయి ఆరేళ్లయింది. మెడ దగ్గర ముక్కోణపు అతుకున్న అతని నీలం చొక్కాను ఆమె ఇప్పటికీ నెలకోసారి ఉతికి ఆరేసేది. ఎందుకని ఎవరూ అడగలేదు. మాస్టారు మాత్రం గీసేవారు.

"ఆ చొక్కా మీ బొమ్మల్లో ఇంకా ఆరలేదా మాస్టారూ?" అనేది హానా.

"మన ఇంగ్లండు ఎండ సంగతి నీకు తెలియనిదా తల్లీ!"

జమీందారు సర్ హంఫ్రీకి మాత్రం ఒళ్లు మండేది. తన మేడ కిటికీలోంచి కనబడే మిట్టను ఏటా ఒకసారి గీయించుకునేవాడాయన.

"ఏమయ్యా డాబ్స్! మళ్లీ ఆ గుడ్డపీలికలా? చెరుపు!"

"ఆ తెలుపు లేకపోతే పచ్చదనం చచ్చిపోతుంది దొరగారూ. లండన్‌లో పెద్దింటివాళ్లంతా ఇప్పుడు ఇలాగే వేయించుకుంటున్నారు."

లండన్ మాట వినగానే దొర నోరు మూతపడేది. బొమ్మ భోజనాల గది గోడెక్కేది. అలా ఇరవై రెండు ఎక్కాయి.

ఆ వసంతంలో దొర మిట్టకు కంచె కట్టి తన తోటలో కలుపుకుంటానన్నాడు. విచారణకు కమిషనర్ వచ్చాడు. "ఇరవై ఏళ్లుగా వాడుకుంటుంటే మిట్ట ఊరిదే. రుజువేదమ్మా?" అని అడిగాడు. కాగితం ముక్క లేదు. మిట్ట పోతే బట్టలారేసే చోటు లేదు, హానాకు బతుకూ లేదు.

"అక్కడ ఏనాడూ ఎవరూ ఏదీ ఆరేయలేదు," అన్నాడు దొర.

మాస్టారు లేచారు. "రుజువు దొరగారి భోజనాల గదిలోనే ఉందండీ. కింద ఏ ఏడాదికా ఏడాది తేదీ కూడా వేశాను."

"అదంతా వీడి పిచ్చి ఊహ!" అని అరిచాడు దొర.

హానా ఇంటికి పరిగెత్తి నీలం చొక్కా తెచ్చింది. కమిషనర్ అందరినీ వెంటబెట్టుకుని మేడకు వెళ్లి, కళ్లజోడు సవరించుకుని, అతుకును బొమ్మతో పోల్చి చూశాడు. కుట్టుతో సహా సరిపోయింది, ఊహ కాదని తేలిపోయింది. తేదీలు చూస్తే ఇరవై రెండేళ్లవి. మిట్ట ఊరిదేనని అక్కడే రాసిచ్చాడు. ఆడవాళ్ల కేకలకు దొరగారి కుక్కలు బల్ల కింద దూరాయి.

దారిలో హానా అడిగింది. "మరి ఓడ మీద పొత్తిగుడ్డలెందుకు మాస్టారూ?"

"ఒక్క మిట్ట మీదే వేస్తే దొరకు అనుమానం రాదూ? అన్నిట్లోనూ వేస్తే పిచ్చోడనుకుని వదిలేస్తారు. నేను పుట్టిన ఊరి బీడును చిత్రకారులందరూ అందంగానే గీశారమ్మా, ఆవుల్నీ మనుషుల్నీ వదిలేసి. ఖాళీ నేలే కదా అని కంచె కట్టేశారు."

మర్నాడు మిట్ట మీద ఊరి బట్టలన్నీ జెండాల్లా ఎగిరాయి. మాస్టారు పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నారు. హానా నీలం చొక్కాను అన్నిటికంటే ఎత్తున ఆరేసింది.

"ఆరిందా తల్లీ?"

హానా చెయ్యి పెట్టి చూసి నవ్వింది. "ఇంకా కాస్త తడుంది మాస్టారూ. మీరు గీయండి."