పోషెట్టి మళ్లీ రాసిన చాప్టర్

నిన్న పొద్దున పోషెట్టి నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

"ఏందిరా, పొద్దుగాలనే?" అన్నాను.

అవతల ఉన్నది వాళ్ల తమ్ముడు. "మా అన్న పోయిండన్నా" అన్నాడు. గుండెపోటు. ఆస్పత్రి దాకా కూడా పోలేదట.

చొక్కా తొడుక్కుని బయల్దేరాను.

సాయంత్రానికి గోదావరి ఒడ్డున అంతా అయిపోయింది. ఇంటికొచ్చి స్నానం చేసి మన వాట్సాప్ గ్రూపు తెరిస్తే అన్నీ దండం బొమ్మలే. నేనూ ఒకటి పెట్టి ఊరుకుందామనుకున్నాను. ఒంట్లో ఓపిక లేదు.

కానీ వాడికి ఒక బొమ్మ పెట్టి ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు.

నాందేడ్‌లో ఎంఏ హిస్టరీ చదివేటప్పుడు ఇద్దరం ఒకే రూమ్‌లో ఉండేవాళ్లం. డిసర్టేషన్ ఎట్లాగో గట్టెక్కితే చాలని నేను. వాడికి మాత్రం పెళ్లి కుదిరినంత హడావిడి.

మొదట మరాఠ్వాడా మొత్తం రాస్తానన్నాడు. గైడ్ సార్ సినాప్సిస్ చూసి "అరే బాబా, కమీ కర్" అన్నారు. జిల్లాకు తగ్గించాడు. మళ్లీ "కమీ కర్". తగ్గించగా తగ్గించగా నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ దగ్గర వాళ్ల నాలుగు ఊర్లు మిగిలాయి. నిజాం జమానా చివరి పదేళ్లలో మన తెలుగు రైతు కుటుంబాలు ఎట్లా బతికాయన్నది టాపిక్.

ముసలివాళ్లు చెప్పేది తెలుగులో, మధ్యమధ్య ఉర్దూలో. వీడు రాసేది మరాఠీలో. బస్సుల్లో తిరగడం, వచ్చి టేప్ వినడం, రాయడం, కొట్టేయడం. వాడిని చూస్తుంటేనే నాకు ఒళ్లు నొప్పులు పుట్టేవి.

చివరికి టైపింగ్, బైండింగ్ కూడా అయ్యాయి. నల్ల రెక్సిన్ అట్ట, దాని మీద బంగారు అక్షరాలు. ఇక సబ్మిట్ చేయడమే.

వాడు ఊరుకుంటాడా! పుస్తకం లచ్చవ్వకు చూపించాలని నన్నూ లాక్కుపోయాడు.

లచ్చవ్వ వాళ్ల ఊరి ముసలమ్మ. చిన్న వయసులోనే భర్త గత్తరతో, అంటే కలరాతో పోతే, ఉన్న ఒక్క కొడుకును చంకనేసుకుని వ్యవసాయం చేసింది. ఒక చాప్టర్ అంతా ఆమె చెప్పిందే.

అరుగు మీద కూర్చుని మరాఠీ పేజీని అక్కడికక్కడే తెలుగు చేసి వినిపించాడు. అవ్వ కందికాయలు ఒలుస్తూ వింటోంది. కొడుకు పుట్టిన ఏడు, భర్త పోయిన ఏడు చదివాడు.

అవ్వ చేతులు ఆగాయి.

"నలభై ఆర్ల మొగడు సచ్చిండంటివి. యాభై మూడుల కొడుకు పుట్టిండంటివి. నేనెట్ల కన్న కొడుకా?"

ముందు ముగ్గురం నవ్వాం. అంతలోనే వాడి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

మన పెద్దలు ఏడు చెబితే అది ఫస్లీ ఏడు, నిజాం లెక్క. ముందున్న పదమూడు వందలు మింగేసి "యాభై మూడు" అంటారు. అంటే 1353. దానికి 590 కలిపితే మన 1943.

భర్త పోయిన ఏడు పట్టా కాగితంలో దొరికింది. కాగితం మీద ఫస్లీ కనిపిస్తే లెక్కగట్టడం వాడికి నీళ్లు తాగినంత తేలిక. అక్కడ 1946 సరిగ్గానే వచ్చింది. అవ్వ నోటితో చెప్పిన యాభై మూడును మాత్రం ఏమీ ఆలోచించకుండా 1953 అని రాసేశాడు.

అవ్వ ఇక నవ్వలేదు.

"గిది ఎవలన్న సదివితె నన్నేమనుకుంటరు బిడ్డా?" అంది మెల్లగా.

తిరుగు బస్సు దిగి వాడు నేరుగా గైడ్ సార్ దగ్గరికి పోయాడు.

వైట్నర్ పూసి దిద్దేయమన్నారు గైడ్ సార్. లైబ్రరీలో ఇవన్నీ ఎవరు చదువుతారన్నారు. ఆయన తప్పేం లేదు, నిజంగానే ఎవరూ చదవరు.

రూమ్‌కు వచ్చాక పోషెట్టి అన్నాడు: "అవ్వ సదవదురా. ఆమె మనుమడు సదువుతడు. మనుమని కొడుకు సదువుతడు. బుక్కు ఆడనే ఉంటది గద. అయినా అవ్వ దగ్గర తప్పినోన్ని, తక్కినోల్ల దగ్గర తప్పలేదని నమ్మకమేంది?"

మళ్లీ అవే బస్సులు. ఒక్కొక్క ముసలాయన పక్కన కూర్చుని "గత్తర ముందా, నీ పెండ్లి ముందా" అని మొదటి నుంచి అడిగాడు. కొందరు అప్పటికే పోయారు. వాళ్లు చెప్పిన చోట "ఏడు సరిగ్గా తెలియదు" అని రాశాడు.

సబ్మిషన్ తేదీ దాటిపోయింది. వాడికి ఏడాది పోయింది.

ఆ ఏడాదే ఒక కాలేజీలో పర్మనెంట్ పోస్ట్ పడింది. చేతిలో ఎంఏ లేదు, అప్లై చేయలేకపోయాడు. అట్లాంటిది మళ్లీ పడలేదు. బతుకంతా గంటల లెక్కన పాఠాలు చెప్పాడు, ఈ కాలేజీ నుంచి ఆ కాలేజీకి, ఒక్కోసారి ముఖేడ్ దాకా పోయి.

వాడు చాలా అలసిపోయాడు. ఈ మధ్య కలిస్తే చాయ్ తాగి ఊరికే కూర్చునేవాళ్లం. మాట్లాడటానికి కూడా ఇద్దరికీ శక్తి ఉండేది కాదు.

ఒకసారి అడిగాను, ఆ ఏడాది పోయినందుకు బాధ ఉందా అని.

"ఉండదారా? మస్తుంటది" అన్నాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, "గని మల్ల గట్లనే జేస్త" అన్నాడు.

నిన్న ఒడ్డు మీద ఒకాయన అంటున్నాడు, "మంచోడే, గని లైఫ్‌ల ఏం సంపాయించిండు" అని. అప్పుడు జవాబు చెప్పే ఓపిక లేకపోయింది. ఏడుపొచ్చింది, పక్కకు పోయాను.

ఇప్పుడు చెబుతున్నాను. నాందేడ్ లైబ్రరీలో ఒక నల్ల పుస్తకం ఉంది. అందులో లచ్చవ్వ కొడుకు, తండ్రి బతికుండగానే పుట్టాడు.

నీ తిరుగుడు అయిపోయిందిరా పోషెట్టీ. ఇక హాయిగా పడుకో.