మిద్దె మీద నాయన, తెర మీద ట్రాక్టరు

నేను హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చదివి జహీరాబాద్ వచ్చాక మా నాయనకు కొత్త చిక్కొచ్చి పడింది. నీ బిడ్డ పట్నంలో ఏం నేర్చుకొచ్చిందని ఎవరైనా అడిగితే ఆయనకు మాట దొరికేది కాదు. వద్దన్న చుట్టాలందరినీ కాదని నన్ను పంపినవాడు మరి. వాళ్ల ముందు ఆయన చెరకు ధర సంగతి ఎత్తి మాట మార్చేస్తుంటే నాకు ఒళ్లు మండేది.

అందుకే, నేను పాఠాలు చెప్పే బడిలోని కంప్యూటర్‌ను ఒక ఆదివారం పెద్దసారును అడిగి ఇంటికి తెచ్చాను. ఎనభైల నాటి ఆ కంప్యూటర్ అంటే మీటలున్న ఒక పలక, అంతే. బొమ్మ కనబడాలంటే టీవీకి తగిలించాలి. మా టీవీ వెనక ఉన్న యాంటెన్నా తీగ పీకి, ఆ చోట కంప్యూటర్ తీగ పెట్టాను. తెర నిండా చుక్కలే.

చుక్కలొస్తే మా ఇంట్లో జరిగేది ఒక్కటే. నాయన ధోతి ఎగగట్టి మిద్దె ఎక్కేశాడు. యాంటెన్నాను హైదరాబాద్ వైపు తిప్పడంలో తనను మించినవాడు లేడని ఆయన నమ్మకం. నేను వద్దంటున్నా వింటేగా! పైన ఆయన యాంటెన్నా పైపు తిప్పుతున్నాడు, కింద నేను చానల్ నాబ్ తిప్పుతున్నాను. చానల్ కుదిరి బొమ్మ పడింది. నేను కంప్యూటర్‌తో గీయించిందే: గళ్లుగళ్లుగా ఒక ట్రాక్టరు, దాని వెనక చెరకు బండి.

వాకిట్లో ఉన్న నాయన తమ్ముడు, బొమ్మ వచ్చిందని పైకి కేకేశాడు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరారు, చూడాల్సిన మనిషి తప్ప. ఆయన పైపు పట్టుకుని కదలడం లేదు. వదిలితే బొమ్మ పోతుందట. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆయనే ఎండలో నిలబడితే నాకు నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. పీకేసిన యాంటెన్నా తీగను కిటికీలోంచి బయటికి లాగి, దాని కొసను పైకెత్తి చూపించాను.

"నాయనా, నువ్వు పట్టుకున్నదాని తీగ ఇగో నా చేతిల ఉన్నది. జర కిందికి రా."

ఆయన తీగను చూశాడు, పైపును చూశాడు. "మరి గా బొమ్మ పట్నం నుంచి వస్తలేదా?"

"లేదు. నేను చేసిందే."

దిగి వచ్చాక ఒక మీట చూపించి నొక్కమన్నాను. భయంభయంగా ఒక్క వేలితో నొక్కాడు. ట్రాక్టరు కదిలింది. నా మొహం చూసి, మళ్లీ నొక్కాడు. తర్వాత నాకు పెద్ద ఉద్యోగం వచ్చినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

సాయంత్రం యాంటెన్నా తీగ మళ్లీ టీవీకి తగిలించాను. సినిమా చూడటానికి వాడంతా మా ఇంటికి వచ్చింది. నడిమధ్యలో బొమ్మ చెదిరిపోయింది. యాంటెన్నా చూడమని అందరూ నాయన వైపు తిరిగారు. ఆయన లేవలేదు. తన బిడ్డ చేసిన ట్రాక్టరు ఎట్లా నడిచిందో పక్కింటాయనకు చెబుతున్నాడు. చివరికి మిద్దె ఎక్కింది నేనే.